సమకాలీన తెలుగు కవిత్వంలో నేల, వంశం, ప్రకృతి

సమకాలీన తెలుగు కవిత్వంలో నేల, వంశచరిత్ర, ప్రకృతి అనేవి మూడు వేరువేరు వస్తువులుగా దొరకడం అరుదు. 1980ల నుంచి వచ్చిన సంపుటాలు తిరగేస్తే చెట్టుతో మొదలైన కవిత తాత దగ్గరికి వెళ్తుంది, తాతతో మొదలైనది అమ్ముకున్న చెలక దగ్గర ఆగుతుంది, వాన మీద రాసినదాంట్లో అప్పు కాగితం బయటపడుతుంది. విమర్శకులు ఈ కవితలను దళిత కవిత్వం, తెలంగాణ కవిత్వం, రైతు కవిత్వం, పర్యావరణ కవిత్వం, డయాస్పోరా కవిత్వం అని విడగొట్టి చదివారు. అవన్నీ ఉద్యమాల పేర్లు, లేదంటే సెమినార్ల పేర్లు. వాటి కింద ఒక ఉమ్మడి సంగతి మరుగున పడింది. ఈ కవులు ఏ శిబిరంలో ఉన్నా దాదాపు ఒకే పని చేస్తున్నారు: ఫలానా నేల మీద ఫలానావాళ్లు బతికారని, దున్నారని, పోగొట్టుకున్నారని, లేదా ఎంత దున్నినా దక్కించుకోలేకపోయారని సాక్ష్యం చెబుతున్నారు. ఆ సాక్ష్యంలో చెట్టూ వాగూ హద్దు గుర్తులు, అమ్మా తాతా సాక్షులు. ప్రకృతి వర్ణనగానో కుటుంబ జ్ఞాపకంగానో విడిగా చదివితే ఈ కవితలు సగమే అందుతాయన్నది ఈ వ్యాసం వాదన.

ఈ కలయిక మన సాహిత్యంలో కొత్తదేమీ కాదు. తెలుగులో ఇప్పటికి దొరికిన తొలి పద్యాల్లో ఒకటి భూదాన శాసనంలోనే ఉంది. క్రీ.శ. 848 ప్రాంతపుదని చెప్పే అద్దంకి శాసనంలో ఒక తరువోజ, పండరంగడనే తూర్పు చాళుక్య సేనాని పన్నెండు బోయ కొట్టాలను గెలిచిన సంగతి చెబుతుంది. దాని వెంట వచ్చే వచనం ఆదిత్య భటారకుడికి ఇచ్చిన నేలను పుట్లలో లెక్కగడుతుంది. పద్యంలో ఒకరి నేల పోయింది, వచనంలో ఇంకొకరికి దక్కింది. గెలిచినవాడికి పేరుంది, దానం పుచ్చుకున్న దేవుడికి పేరుంది, ఓడినవాళ్లు మాత్రం వట్టి బోయలు. చాళుక్యుల రాగిరేకులు ఈ పద్ధతినే పెంచి చూపిస్తాయి. మొదట దాత వంశావళి, తర్వాత ఇచ్చిన ఊరికి నాలుగు దిక్కులా ఎల్లలు, ఆ ఎల్లలకు గుర్తుగా చెట్టో పుట్టో చెరువో వాగో, చివర దానాన్ని హరించినవాడికి శాపం. వంశం, నేల, ప్రకృతి మూడూ ఒకే రేకు మీద కుదిరాయి. కాకపోతే అది అధికారం రాయించుకున్న రాత. కావ్యాల అవతారికల్లోని కృతిపతి వంశవర్ణన, భట్రాజుల పొగడ్త, కాపు కుటుంబాల గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్ల కథ, కరణాల దండకవిలెలు, అన్నీ ఆ దారిలోనివే. మెకంజీ పోగుచేయించిన కైఫీయతుల్లోనూ ఊరి చరిత్ర ఎక్కువ భాగం మిరాశీదారుల చరిత్రే. తెలుగులో వంశచరిత్ర అనేది చాలాకాలం కలిగినవాళ్ల సొత్తుగా ఉండిపోయింది. నేటి కవిత్వాన్ని దీని పక్కన పెట్టి చూస్తే అది ఎవరికి ఎదురు చెబుతోందో తెలుస్తుంది. ఆ రేకు మీద పేరు ఎక్కనివాళ్ల మనవలు ఇప్పుడు తమ ఎల్లలు తాము రాసుకుంటున్నారు.

మధ్యలో ఒక దశలో ఈ మూడూ విడిపోయాయి. ప్రబంధాల్లోనే ప్రకృతి అష్టాదశ వర్ణనల్లో ఒక విధాయకంగా వేరుపడింది. భావకవిత్వం ఆ వర్ణనను కవి మనసుకు తెచ్చి కట్టింది. 1925లో కృష్ణశాస్త్రి కృష్ణపక్షం, నండూరి ఎంకి పాటలు పుస్తకాలుగా వచ్చాయి. ఎంకీ నాయుడుబావా పొలం గట్ల మీదే తిరుగుతారు కానీ ఆ పొలం ఎవరిదో, శిస్తెంతో పాటకు పట్టదు. పట్టాలని అడగడం అన్యాయం కూడా. విశ్వనాథ కిన్నెరసాని పాటలు ఇక్కడ ఒక వింత మినహాయింపు. అత్త ఆరళ్లు పడలేక అడవిలోకి పరుగెత్తిన కోడలు వాగైపోతుంది, వెంటవెళ్లిన భర్త రాయైపోతాడు. ఒక ఇంటి తగువును నది పుట్టుకగా చెప్పిన ఈ కావ్యం, కుటుంబాన్నీ ప్రకృతినీ కలిపిన ఆధునిక ప్రయత్నాల్లో మొదటి వరసలోది. అయినా దాన్ని ప్రకృతి గీతంగానే పాడుకున్నాం. ఆ కాలంలోనే నెల్లూరు జిల్లాలో స్వయంగా సేద్యం చేసిన దువ్వూరి రామిరెడ్డి కృషీవలుడు, తెలంగాణలో గంగుల శాయిరెడ్డి కాపుబిడ్డ రాశారు. పండితులు గడప దాటని చోట రైతును కావ్యనాయకుణ్ణి చేశారన్న కీర్తి వాళ్లకు దక్కాలి. కానీ ఆ రైతు ఇంకా ఆదర్శ రైతే. శ్రీశ్రీ తర్వాతి తరం నగరం వైపు, కార్ఖానా వైపు తిరిగింది. చెట్టు మీద రాయడం కొంతకాలం పాటు తప్పించుకుపోవడంగా లెక్కకొచ్చింది.

నేటి ధారకు అసలు పునాదులు రెండు పుస్తకాల్లో ఉన్నాయి. మొదటిది 1941లో వచ్చిన జాషువా గబ్బిలం. మేఘసందేశం వరసలో నడిచే ఈ కావ్యంలో ఒక దళితుడు తన గోడును కాశీ విశ్వనాథుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. తాను అడుగు పెట్టలేని గుడిలో అది పైకప్పుకు వేలాడగలదు. దారి పొడుగునా అది దాటే చారిత్రక స్థలాలను అతడే దానికి వర్ణించి చెబుతాడు. సెంటు భూమి లేనివాడు దేశమంతటినీ కంటికి కట్టించడం ఆ కావ్యంలోని గొప్ప వ్యంగ్యం. ప్రకృతి నుంచి ఎన్నుకున్న దూతే సామాజిక స్థితికి సాక్ష్యమైంది. రెండోది 1950లలో విద్వాన్ విశ్వం రాసిన పెన్నేటి పాట. నందికొండల్లో పుట్టి అనంతపురం జిల్లా మీదుగా పోయే పెన్న, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఆ సీమలో చాలాకాలం ఇసుకగానే పారుతుంది. విశ్వం ఆ ఎండిన నది ఒడ్డున కూలి చేసుకు బతికే రంగన్న, గంగమ్మల కథ పెట్టాడు. అదే పెన్న ఆనకట్ట కింద నెల్లూరు మాగాణులను పండిస్తుంది. ఆ జిల్లాలో పుట్టిన కృషీవలుణ్ణి, ఎగువన పుట్టిన పెన్నేటి పాటను వెంటవెంటనే చదివినవారికి, నది అనే మాటకు నీటి వాటాను బట్టి అర్థం మారుతుందని ఎవరూ వివరించనక్కరలేదు. 

1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. రెండూ సారవంతమైన డెల్టా పల్లెల్లో దళితుల మీద జరిగిన దాడులు. పచ్చని పొలం అనే మాటను ఆ తర్వాత పాత అమాయకత్వంతో రాయడం కుదరలేదు. 1987లో శిఖామణి మువ్వల చేతికర్ర, 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో చిక్కనవుతున్న పాట వచ్చాయి. ఈ కవిత్వంలో కుటుంబం ఆస్తి లెక్కతో రాదు, పని లెక్కతో వస్తుంది. తండ్రి ఎన్ని ఎకరాలు వదిలిపోయాడన్నది అక్కడ ప్రశ్నే కాదు, ఎవరి పొలంలో ఎన్నేళ్లు పాలేరుగా ఉన్నాడన్నది ప్రశ్న. జాషువా గబ్బిలాన్ని ఎండ్లూరి సుధాకర్ 1998లో కొత్త గబ్బిలంగా మళ్లీ ఎగరేశాడు. మాదిగల దండోరా ఉద్యమం నడుస్తున్న కాలం అది. దళితుడు అన్న ఒక్క మాట లోపల కూడా ఎవరి ఇల్లు ఎక్కడుందో చెప్పాల్సిన అవసరం వచ్చింది. అదే కాలపు ముస్లిం కవిత్వం ఇంకో కొసన ఇదే పని చేసింది. ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత పుట్టుమచ్చ 1991లో, స్కైబాబ సంపాదకత్వంలో జల్‌జలా 1998లో వచ్చాయి. పుట్టిన గడ్డ మీదే పరాయివాడిగా చూడబడే మనిషికి తాతముత్తాతల ఊసు వట్టి మురిపెం కాదు, తాను ఇక్కడివాడినని చూపే రుజువు.

ప్రకృతి అందరిదీ ఒకటే కదా, కులాన్ని బట్టి చెట్టు మారుతుందా అని ఇక్కడ అడిగేవారున్నారు. తంగేడును చూస్తే జవాబు దొరుకుతుంది. అది బతుకమ్మలో పేర్చే పువ్వు. ఎన్. గోపి 1976లో తెచ్చిన తొలి సంపుటి పేరు తంగెడుపూలు. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పుష్పం. ఆ చెట్టు బెరడే తరతరాలుగా తోళ్లు ఊనడానికి లందలో వేసే సరుకు. ఒక ఇంట్లో తంగేడు అంటే పండుగ, ఇంకో ఇంట్లో అది పనీ, చేతులకు పట్టిన రంగూ, ఊరివాళ్లు ముక్కు మూసుకునే వాసనా. చెట్టు మారలేదు. దాన్ని చూసే కవి ఏ వాకిట్లో పెరిగాడన్నదాన్ని బట్టి దాని చుట్టూ ఉండే జ్ఞాపకం మారింది. కవితలో తంగేడు కనబడగానే అందమని రాసి ముందుకుపోయే విమర్శకుడు ఈ రెండో అర్థాన్ని వదిలేసుకున్నట్టే. పుస్తక సమీక్షల్లో మట్టివాసన అనే మాట ఎంత అరిగిపోయిందో కూడా చెప్పుకోవాలి. రేగడికీ చౌడుకీ ఇసుక గరువుకీ వాసన ఒకటి కాదు. ఏ మట్టో చెప్పని సమీక్ష ఏమీ చెప్పనట్టే.

స్త్రీల కవిత్వం దగ్గరికి వచ్చేసరికి వంశం అనే భావనే మారుతుంది. కోడలిగా వెళ్లినామె వంశవృక్షంలో కొమ్మ మార్చినట్టు, పుట్టింటి పటంలో ఆమె పేరు ఆగిపోతుంది, అత్తింటి పటంలో ఫలానా వారి భార్యగా మొదలవుతుంది. పొలంలో నాట్లూ కలుపూ కోతా ఆమెవే అయినా పట్టాలో పేరు ఉండేది కాదు. వారసత్వ చట్టానికి చేసిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది వచ్చింది 2005లో. కాగితం మీద హక్కు రావడానికీ గెట్టు మీద నిలబడి అడగడానికీ మధ్య ఉన్న దూరం గురించి మాట్లాడే భాషను నీలిమేఘాలు అనే స్త్రీవాద కవితా సంకలనం నాటి కవయిత్రులు తయారుచేశారు. కాకపోతే ఆ సంకలనంలో నేల కన్నా ఇల్లు ఎక్కువ. నేలను నేరుగా తెచ్చినవాళ్లు ఆ తర్వాతి దళిత కవయిత్రులు. గోగు శ్యామల సంపాదకత్వంలో నల్లపొద్దు వచ్చింది. చల్లపల్లి స్వరూపరాణి మంకెనపువ్వు, జూపాక సుభద్ర అయ్యయ్యో దమ్మక్క ఆ వెనకే వచ్చాయి. వీళ్లకు తండ్రి వంశం కన్నా అమ్మ, అమ్మమ్మ, వాడకట్టు ఆడవాళ్ల వరస ముఖ్యం. శాసనాల నుంచి కవిలెల దాకా వంశం మగవాళ్ల పేర్ల మీదుగానే నడిచిందని గుర్తుంచుకుంటే, ఈ కవిత్వం తెచ్చిన మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఈ మొత్తం ధారలో అన్నిటికన్నా కొత్తగా నాకు కనిపించేది ఇదే.

తెలంగాణలో ఈ ధార ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కలిసి ఉప్పొంగింది. 1997–98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పంట పోయి రైతులు వరసగా ఆత్మహత్యలు చేసుకున్నారు. అంతకుముందు కవితల్లో దేశానికి వెన్నెముకగా నిలబడ్డ రైతు, ఆ ఏడాది నుంచి పురుగుమందు డబ్బాతో కనిపించాడు. చెరువులు పూడి, బోర్లు లోతుకు పోయి, చెలకలు బీళ్లయిన కాలం అది. 2002లో మత్తడి, పొక్కిలి అనే రెండు కవితా సంకలనాలు వచ్చాయి. పేర్లు రెండూ ఊరి నేల నుంచి తీసుకున్నవే. అన్నవరం దేవేందర్ సంపుటాల్లో ఒకదాని పేరు బొడ్రాయి, ఇంకొకదాని పేరు మంకమ్మతోట లేబర్ అడ్డ. ఆ రెండు శీర్షికల మధ్య దూరమే చాలామంది పల్లె జనం నడిచిన దూరం. ఊరి నడిబొడ్డున పాతిన రాయి దగ్గర మొదలై, కరీంనగర్‌లో పొద్దున్నే కూలి కోసం నిలబడే కూడలి దగ్గర తేలారు. నందిని సిధారెడ్డి నాగేటి చాళ్లను తెలంగాణకు మారుపేరుగా పాటలో పెట్టాడు. గోరటి వెంకన్న పల్లె కన్నీరు పాట 2002లో కుబుసం సినిమాలోకి ఎక్కి ఇంటింటికీ చేరింది. ఆ వెంకన్నకే 2021లో వల్లంకి తాళం పుస్తకానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాటను కవిత్వం కింద లెక్కించాలా వద్దా అని ఇంకా వాదించేవాళ్లుంటే, ఈ వస్తువు విషయంలో ఆ వాదన ఎప్పుడో తీరిపోయింది. చదువురాని తాతల చరిత్ర ఎప్పుడూ పాటలోనే ఉంది, అచ్చులోకి వచ్చిందే ఆలస్యంగా.

పల్లె పాటల మీద ఒక గట్టి ఆక్షేపణ ఉంది. పోయిన పల్లెను స్వర్గంగా చూపిస్తారని, వెట్టీ అంటరానితనం ఉన్న పల్లె అదేనని మరిచిపోతారని. ఈ మాట చాలావరకు నిజం. కుమ్మరి వామూ కమ్మరి కొలిమీ సాలె మగ్గమూ ఆగిపోయాయని ఏడ్చే పాట, ఆ వృత్తుల మధ్య ఉన్న మెట్లను సాధారణంగా చెప్పదు. నగరంలో ఫ్లాటు కొనుక్కుని ఊళ్లోని చింతచెట్టు మీద బెంగపడే కవితలు లెక్కకు మించి వచ్చాయి, వాటిలో చాలా వాటిని మరిచిపోయినా నష్టం లేదు. అయితే ఆక్షేపణ మొత్తం ధారకు తగలదు. వెంకన్న పాటలో ఏడుపుతో పాటు ఒక్కో చేతివృత్తి ఎట్లా పోయిందో వరసపెట్టి చెప్పడం ఉంది, పోవడానికి కారణం ఊరి బయట బజారులో ఉందన్న అనుమానమూ ఉంది. బెంగకూ సాక్ష్యానికీ తేడా అక్కడే. కవితలో పని చేసిన చేతులు, కొన్నవాడు, అమ్మినవాడు, ధర, కరువు ఏడాది కనిపిస్తే అది సాక్ష్యం. చెట్టూ పిట్టా మాత్రమే కనిపించి మనుషులంతా మాయమైతే అది క్యాలెండర్ బొమ్మ. ఈ గీటురాయి కులంతో, ప్రాంతంతో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది. దీని మీద పెడితే పేరున్న కవుల పుస్తకాలు కూడా కొన్ని నిలవవు.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఇస్మాయిల్ వైపు నుంచి వస్తుంది. కాకినాడలో తత్వశాస్త్రం బోధించిన ఈ కవి చెట్టు నా ఆదర్శం నుంచి కప్పల నిశ్శబ్దం దాకా చెట్టును, వానను, పిట్టను వాటికోసం వాటినే రాశాడు. కవిత అనుభూతి నుంచి రావాలని, సిద్ధాంతానికి బంటు కాకూడదని వ్యాసాల్లోనూ గట్టిగా వాదించాడు. ఆ దృష్టితో చూస్తే, ప్రకృతిని భూమి తగాదాలో సాక్షిగా నిలబెట్టే ఈ చదువు కవిత్వాన్ని కోర్టుకు ఈడ్చడమే అవుతుంది. అభ్యంతరంలో బలముంది. ఇస్మాయిల్ కవితను పట్టా పుస్తకంతో చదవబోతే దానిలోని నిశ్శబ్దమే మిగలదు. అన్ని ప్రకృతి కవితలూ భూమి కవితలేనని అనడం మొండితనం. అందుకే ఈ వాదనకు ఒక హద్దు పెట్టుకోవాలి. నేల, కుటుంబం రెండూ కవితలోనే ఉన్నప్పుడు వాటిని తప్పించి చెట్టును మాత్రమే మెచ్చుకోవడం తప్పని మాత్రమే ఇక్కడ అంటున్నది. సాక్ష్యం చెప్పే కవితకు అనుభూతి అక్కరలేదన్నదీ నిజం కాదు. అనుభూతి లేని సాక్ష్యం కరపత్రంలా ఉంటుంది, 1990ల ఉద్యమ కవిత్వంలో అలాంటివి కొల్లలు. ఇస్మాయిల్ నేర్పిన పొదుపును దళిత, తెలంగాణ కవులు ఇంకాస్త ముందుగా నేర్చుకుని ఉంటే వాళ్ల కవితలు ఇప్పుడు నిలిచినదానికన్నా ఎక్కువ నిలిచేవి.

నీటి సంగతి విడిగా చెప్పుకోవాలి. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు డెల్టాకు పంటనిచ్చాయి. ఆ సిరి మీదే అక్కడి పత్రికలు, పుస్తకాలు, చాలామంది కవులు పెరిగారు. ఎగువన ఆనకట్టలకు అర్థం వేరు. శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊళ్లను మాత్రం అలా విప్పి కట్టినవారు లేరు. 2002లో ఎన్. గోపి జలగీతం దీర్ఘకావ్యం నీటిని నాగరికతల చరిత్రగా చూసింది. చూపు విశాలమైనదే, కానీ మునిగిన ఒక్క ఊరి పేరుతో మొదలయ్యే కావ్యం అంతకన్నా పదునుగా ఉండేదేమో అనిపిస్తుంది. డెల్టా అంచున కూడా లెక్క మారింది. 2015లో అమరావతి కోసం 29 ఊళ్ల పరిధిలో దాదాపు 33 వేల ఎకరాలు సమీకరించారు. రజనీగంధకు 2016 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పాపినేని శివశంకర్ పుట్టిన నెక్కల్లు ఆ ఊళ్లలో ఒకటి. ఆయన 1998 సంపుటి ఆకుపచ్చని లోకంలో రాజధాని ఊసు లేని రోజుల్లో వచ్చింది. నేలకు ఏం జరిగిందో తెలిశాక పాత కవితకు కొత్త బరువు వస్తుంది. కవి అనుకోకుండా రాసిపెట్టిన ఎల్లల జాబితా అది.

ఏజెన్సీలోనూ తండాల్లోనూ నేలకు పట్టాతో సంబంధం ఇంకా పలచన. 1959 భూబదలాయింపు నిబంధనను సవరించిన 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆపాలని వచ్చింది. ఎంత ఆపిందన్నది వేరే చర్చ. ఈ జీవితాల మీద చాలాకాలం బయటివాళ్లే రాశారు. శ్రీకాకుళ పోరాటం నుంచి వచ్చిన కవిత్వంలో గిరిజనుడు వీరుడిగానో అమరుడిగానో కనిపిస్తాడు, ఇంట్లో మనిషిగా తక్కువ. రమేశ్ కార్తీక్ నాయక్ 2018లో తెచ్చిన బల్దేర్ బండి అక్కడ మార్పు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన ఈ కవి బంజారా ఇంటి మాటను తెలుగు లిపిలోకి తెచ్చి, సంచార జీవనం వదిలి స్థిరపడ్డ కుటుంబాల లోపలి నుంచి రాశాడు. దారే ఊరుగా బతికిన జాతికి వంశచరిత్ర ఒక స్థలానికి కట్టుబడదు, బండి జాడ వెంట పోతుంది. శాసనం పోలిక అతికించడానికి కష్టమైన చోటు ఇదే. ఎల్లలు లేని నేలకు ఎల్లలు రాయడం కుదరదు. ఈ కవిత్వం పెరిగేకొద్దీ నా వాదన కూడా సవరించుకోవాల్సి రావచ్చు.

వలస వెళ్లిన కవులది ఎదురు దిక్కు సమస్య. విన్నకోట రవిశంకర్ 1993 సంపుటి పేరు కుండీలో మర్రిచెట్టు. అమెరికా తెలుగు కవిత్వం తర్వాత మోసిన బరువంతా ఆ పేరులోనే ఉన్నట్టుంటుంది. ఖమ్మం ప్రాంతం నుంచి వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే అఫ్సర్ ఊరి చివర మొదలుకొని ఊరినీ ఇంటినీ వదలకుండా రాస్తున్నాడు. ఇంత దూరం నుంచి చెప్పే సాక్ష్యం చెల్లుతుందా, అసలు కవితలో చెప్పిన కుటుంబ చరిత్ర నిజమని ఎవరు తేల్చాలి అని అడగవచ్చు. కవిత రిజిస్ట్రారు ముందు పెట్టే దస్తావేజు కాదు, ఒక్కో వివరం రుజువు కావాలని ఎవరూ అడగరు. అయితే కరణం రాసిన కవిలె కూడా నిష్పాక్షికం కాదని మరవకూడదు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. వాళ్లు రాసి వదిలిన లెక్కలే ఆ తర్వాత కంప్యూటర్లకు ఎక్కాయి, తప్పులతో సహా. రాసేవాడికి లాభం ఉన్న రాతను చరిత్ర అంటున్నాం. రాయడం వల్ల ఎకరం కూడా కలిసిరాని రాతకు కనీసం అంత గౌరవం ఇవ్వాలి.

కొత్త తరంలో ఈ ధార ఆగలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు 2021లో తగుళ్ల గోపాల్ దండకడియానికి, 2022లో పల్లిపట్టు నాగరాజు యాలై పూడ్సిందికి దక్కాయి. నాగరాజుది చిత్తూరు ఊళ్ల మాట. ఈ యాస కవితలు పక్క జిల్లా పాఠకుడికే అర్థం కావన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. ప్రబంధాల్లోని ప్రతి సమాసానికీ నిఘంటువు తీసి చూడడానికి బద్ధకించని చదువరులు, దొయ్యకీ గెనానికీ మాత్రం అర్థం ఎందుకు ఇవ్వలేదని కవిని నిలదీయడం సరైన తూకం కాదు. పుస్తకం చివర నాలుగు పేజీల పదపట్టిక వేయడం ప్రచురణకర్తకు పెద్ద ఖర్చేమీ కాదు, వేస్తే మంచిదే. ఈ ధారను కొత్తగా చదవబోయేవారు ఉద్యమాల వరసలో కాక నదుల వరసలో, నేలల వరసలో చదివితే ఎక్కువ అందుతుంది. పెన్నేటి పాట, గబ్బిలం ముందు చదవండి. తర్వాత చిక్కనవుతున్న పాట, మత్తడి, నల్లపొద్దు పక్కపక్కన పెట్టుకోండి. ఆపైన బల్దేర్ బండి తెరవండి. వీటిలో కొన్ని ఇప్పుడు అంగళ్లలో దొరకవు, జిల్లా గ్రంథాలయాల్లో అడిగి చూడాలి.